చిన్న జాడీ

బుధవారం పదకొండు గంటలప్పుడు సమూయేలు దుప్పటిలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి చంకన పెట్టుకుని మెట్లెక్కి వస్తుంటే, వరండాలో కూర్చుని వెల్లుల్లి వలుస్తున్న రాహేలమ్మ అది చేపలు పట్టే గాలం కర్రేమో అనుకుంది. పోనీలే, పనిలేని మగాడి చేతికి గాలం మంచిదే, నీళ్ల దగ్గర కూర్చుంటే మనసు కుదుటపడుతుందని సంతోషించింది కూడా. నరసాపురంలో పుట్టినవాడికి, బ్రిస్బేన్ వచ్చినా చేప యావ ఎక్కడికి పోతుంది?

"ఏం పడతాయిరా ఇక్కడ? బొమ్మిడాయిలు దొరుకుతాయా?" అని అడిగింది.

"గాలం కాదమ్మా," అని సమూయేలు వంటింటి బల్ల మీద దుప్పటి విప్పాడు.

నల్లటి ఇనప గొట్టం, వెనక గోధుమరంగు చెక్క. చెక్క మీద ఎవరిదో చెయ్యి ఏళ్ల తరబడి రుద్దుకుపోయిన నునుపు. రాహేలమ్మ చేతిలో వెల్లుల్లిపాయ చేతిలోనే ఉండిపోయింది.

"కెన్ ఇచ్చాడు. ఫ్యాక్టరీలో నాతోపాటు తీసేశారే, అతను. ఇల్లు ఖాళీ చేసి టౌన్స్‌విల్ పోతున్నాడు. నేను ఇంత చేతిలో పెట్టాను, ఇది నా చేతిలో పెట్టాడు. కాగితమూ లేదు, కలమూ లేదు."

"మనకెందుకురా ఇది?"

"ఎదురింటి వాళ్ల వీసీఆర్ పోయింది తెలుసుగా. పట్టపగలు అద్దం పగలగొట్టుకుని వచ్చారు. ఇంటికి మగాడన్నవాడు ఉండి కూడా, దొంగలొస్తే చేతులు ముడుచుకుని కూర్చోమంటావా?"

"మనింట్లో దొంగకి ఏముందిరా? కందిపప్పు, నా బైబిలు, నీ కూతురి పళ్లకి కట్టిన తీగ."

ఆగస్టులో పని పోయేదాకా ఇలాంటి మాటకి సమూయేలు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఇప్పుడు తుపాకీని అటూ ఇటూ తిప్పుతున్నాడు. అయితే దాన్ని చూపించడం మొదలుపెట్టాక మాత్రం అతని గొంతులోకి పాత బిగువు వచ్చింది. పంతొమ్మిదేళ్లు లేతు మిషన్ల ముందు నిలబడి కుర్రాళ్లకు పని నేర్పిన గొంతు అది.

"చూడమ్మా, ప్రాణమంతా ఇందులో ఉంది. దీన్ని బోల్టు అంటారు." వెనక్కి లాగాడు. వేలెడు పొడుగు ఉక్కు ముక్క జారి అతని అరచేతిలోకి వచ్చింది. "ఇది తీసేస్తే మిగిలేది వట్టి గొట్టం. పొయ్యి ఊదుకోడానికి కూడా బరువెక్కువ." మళ్లీ లోపలికి తోశాడు. టక్కున కూర్చుంది. "ఎంత కచ్చితంగా చేశాడో చూడు. వెంట్రుక దూరదు."

రాహేలమ్మ చూసింది. కొడుకు పని చెబుతుంటే చూడడం ఆవిడకి అలవాటు. సైకిలు గొలుసు వేయడం దగ్గర్నుంచి అతను నేర్చుకున్న ప్రతి పనీ ముందు ఆవిడకే చూపించాడు.

సాయంత్రం వసంతకుమారి నర్సింగ్‌హోమ్ డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం మార్చుకోకుండానే విషయం విని, కుర్చీలో కూలబడింది.

"ఏవండీ, అది ఇంట్లో ఉండకూడదు. ఆడపిల్ల తిరిగే ఇల్లు."

"కింద గరాజ్‌లో ఉంటుంది. అలమరకి తాళం వేస్తాను. రోజంతా నువ్వు పనికి పోతావు. ఇల్లు చూసుకునేది నేను. చూసుకోవడం కూడా చేతకాదంటావా?"

ఆ 'కూడా' విని వసంత లేచి యూనిఫాం మార్చుకోడానికి వెళ్లింది. ప్రిస్సిల్లా కంచం ముందు కూర్చుని, "డాడ్, దిస్ ఈజ్ సో ఎంబారసింగ్. చర్చ్‌లో ఎవరికీ చెప్పకండి ప్లీజ్," అంది.

గురువారం సమూయేలు టై కట్టుకున్నాడు. పాత ఫ్యాక్టరీ ఉన్న రాక్లీలోనే ఇంకో వర్క్‌షాపులో ఫిట్టరు కావాలన్నారట. రాహేలమ్మ మెట్ల దగ్గర నిలబడి అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపింది. పన్నెండు కాకుండానే తిరిగొచ్చాడు.

"ఏమన్నారు బాబూ?"

"ఫోన్ నంబరు రాసుకున్నారు."

"మంచిదేగా."

టై ముడి విప్పాడు. "నేను తలుపు దాటకముందే ఆ కాగితాన్ని టీ కప్పు కింద పెట్టాడమ్మా. బల్లకి మరక అంటకుండా." టై మడత పెట్టాడు. మళ్లీ విప్పి, అంచులు కలిపి, మళ్లీ మడత పెట్టాడు. "లేతు మీద ఎవరున్నారనుకున్నావు? క్రెయిగ్. నా దగ్గర పని నేర్చుకున్నవాడు. వాడికి ఇక్కడి ట్రేడ్ కాగితం ఉంది, నాకు మన దేశందే ఉంది. నన్ను చూసి తల దించుకున్నాడు. ముక్కని వంకరగా బిగించాడు, చెబుదామని నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను."

"చెప్పాల్సిందిరా."

"ఎవరిగా చెప్పను?"

రాహేలమ్మ అన్నం వడ్డించింది. సగం తిని కిందికి వెళ్లిపోయాడు.

వాళ్లది స్తంభాల మీద లేపి కట్టిన ఇల్లు. పైన నలుగురు మనుషులు, కింద గరాజూ, బట్టలుతుక్కునే చోటూ. మూడింటికి ఆకాశం నల్లబడి, రోజూ వచ్చే ఉరుముల వాన రాబోతుంటే, రాహేలమ్మ తీగ మీద బట్టలు తియ్యడానికి కిందికి దిగింది. సమూయేలు పసుపురంగు అతుకు టేపు ముక్కలు కత్తిరించి, వాటి మీద కలంతో రాసి, డబ్బాలకు అంటిస్తున్నాడు. తెలుగులో ఒకటి, కింద ఇంగ్లీషులో ఒకటి. రాహేలమ్మ చదువు బైబిలుతో మొదలై బైబిలుతో ఆగింది. కూడబలుక్కుని చదివింది. మూ-డం-గు-ళా-ల మేకులు. ఫ్యూజు తీగ. నీళ్ల మెయిను, కుడికి తిప్పితే బందు. గోడ మీద తాళాల కొక్కేలకి కూడా వరసగా చీటీలు. కారు. పెరటి గేటు. గరాజ్ అలమర.

"చాలా బాగుందిరా, ఇన్నేళ్లకి నీ సామాన్లకి మోక్షం వచ్చింది," అంది. ఇల్లంతా వెతికినా స్క్రూడ్రైవరు దొరక్క వసంత ఎన్నిసార్లు వెన్న కత్తితో స్క్రూలు తిప్పిందో ఆవిడకి తెలుసు.

"ఎవరికి కావలసినా దొరకాలి కదమ్మా," అన్నాడు సమూయేలు, తల ఎత్తకుండా.

శుక్రవారం బడి నుంచి వచ్చిన కూతుర్ని మీటరు పెట్టె దగ్గర నిలబెట్టి ఫ్యూజు మార్చడం నేర్పాడు. ఆ పిల్ల, "డాడ్, యూ ఆల్వేస్ డూ ఇట్, నేనెందుకు?" అంటే, "నీకూ రావాలి," అని మూడుసార్లు చేయించాడు. తల్లిని పిలిచి గ్యాసు కట్టేయడం చూపించాడు. ఇంటి కాగితాలూ కారు కాగితాలూ పాలసీ కాగితమూ ఒకే ఫైలులో పెట్టి, "వసంతకి ఇది ఎక్కడుందో తెలీదు. ఇక్కడ పెడుతున్నాను, గుర్తుంచుకో," అన్నాడు. సరేనంది రాహేలమ్మ. ఆ తర్వాత పక్కింటి ముసలావిడ డోరీన్ దగ్గర ఎప్పుడో తెచ్చుకున్న అల్యూమినియం నిచ్చెనని గుడ్డతో తుడిచి, ఊడిపోయిన మెట్టుకి కొత్త బోల్టు బిగించి, భుజాన పెట్టుకుని కంచె దాటి ఇచ్చొచ్చాడు.

రాహేలమ్మ వరండాలో ఆవాలు చాటలో పోసి చెరుగుతోంది. నిచ్చెన అటు వెళ్లడం, ఖాళీ భుజంతో కొడుకు ఇటు రావడం చూసింది. చాట చేతిలో ఆగిపోయింది.

ఆవిడ బావగారు యెషయా ఇంజను మెకానిక్కు. రైసుమిల్లు మూతపడ్డ ఏడాది, ఒక సాయంత్రం ఆయన వీధిలో ఇంటింటికీ తిరిగి, ఎప్పుడెప్పుడో తెచ్చుకున్న పనిముట్లన్నీ తిరిగిచ్చాడు. పానాలు, సుత్తులు, ఒకరి గొడుగు. రాహేలమ్మ అప్పటికి ముప్పై దాటని మనిషి. ఇన్నాళ్లకి బావగారికి బుద్ధొచ్చిందని నవ్వి, ఎండన పడి వచ్చాడు కదాని గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. తాగి, గ్లాసు కడిగి మరీ ఇచ్చాడు. మర్నాడు కాలవ లాకుల దగ్గర గట్టు మీద ఆయన చెప్పులు దొరికాయి, జత కలిపి పెట్టి ఉన్నాయి.

ఎన్నడూ ఏ వస్తువు ఎక్కడుందో చెప్పని మనిషి, అన్ని వస్తువులూ ఎక్కడున్నాయో అందరికీ చెబుతున్నాడు. దొంగల కోసం తెచ్చానన్నాడు. ఇంట్లో ఏదో పోతుందని భయపడేవాడు తాళాలకి పేర్లు రాసి గోడకి తగిలిస్తాడా?

ఆ సాయంత్రం వసంత బకెట్టులో ఉప్పేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, రాహేలమ్మ ముక్కాలిపీట పక్కకి లాక్కుని మెల్లగా అంది. "ఆ వస్తువు ఇంట్లోంచి తీయించమ్మా."

"చెప్పలేదనుకుంటున్నారా అత్తయ్యా? నేను ఏది చెప్పినా, సంపాదిస్తున్నావు కాబట్టి మాట్లాడుతున్నావు అంటారు. నిన్న కరెంటు బిల్లు నా సంచీలోంచి తీసి, అందులో తన పేరు మీద వేలు పెట్టి చూసుకుంటూ కూర్చున్నారు." కళ్లు మూసుకుంది. "పోనీ, ఆదివారం పాస్టరుగారికి చెబుదాం. ఇవాళ నాకు మాట్లాడే ఓపిక లేదండి. పొద్దున్నుంచి ఆరుగురికి స్నానాలు చేయించాను."

దొంగల భయం కాదమ్మా నాది, అని రాహేలమ్మ అనబోయింది. పైకి అంటే నిజమైపోతుందేమోనని ఆపుకుంది. వసంత కూర్చున్నచోటే నిద్రపోయింది. కోడలి కాళ్లు తుడిచి, బకెట్టు తీసుకెళ్లి పారబోసింది.

శనివారం తెల్లారేసరికి కంచె మీద రెండు సంచీల పచ్చి మామిడికాయలున్నాయి. డోరీన్ పెరట్లో చెట్టు విరగకాస్తుంది. గబ్బిలాలు కొరికి పడేస్తాయి కాబట్టి ముందే కోసి ఇటు ఇచ్చేస్తుంది. పచ్చి కాయలు మనుషులు తింటారంటే ఆవిడకి ఇప్పటికీ నమ్మకం లేదు. నిచ్చెన తిరిగొచ్చింది కదా, ఈసారి పై కొమ్మల కాయలు కూడా వచ్చాయి.

"ఒరే, కత్తి తియ్యి," అంది రాహేలమ్మ.

"ఈ ఏడు వద్దులేమ్మా. ఎవరు తింటారు?"

"నేను తింటాను. నా నోరు ఇంకా పని మానలేదు."

ఆ కత్తి సమూయేలే చేశాడు, పాత లారీ కమాను పట్టీని ఫ్యాక్టరీలో భోజనాల వేళ సాన పట్టి, చెక్క దిమ్మకి మడతబందు వేసి. ఒక్క దెబ్బకి టెంకతో సహా కాయ రెండవుతుంది. ఈ వీధిలో ఎవరింట్లోనూ లేదు, బహుశా బ్రిస్బేన్‌లోనే లేదు. రాహేలమ్మ కాయలు కడిగి, పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి అందిస్తుంటే అతను కొట్టాడు. మొదటి పది కాయలకీ ముఖంలో ఏమీ లేదు. ఆ తర్వాత చెయ్యి దారిలో పడింది. రెండు, నాలుగు, ఎనిమిది, పన్నెండు ముక్కలు, ప్రతి ముక్కకీ వెనక టెంక పెంకు అంటుకుని. జీడి ఏరి పక్కన పడేశాడు. చెమట ముక్కు చివరికి వచ్చి నిలబడింది.

"ముక్కలన్నీ ఒక్క కొలతలో ఉన్నాయిరా. ఏ మిషనూ ఇలా కొయ్యదు," అంది.

"మిషను అయితే తీసెయ్యరు," అన్నాడు.

వాళ్లింట్లో ఆనవాయితీ ఒకటుంది. కాయ కొట్టేది మగాడు, మూడోనాడు తిరగ కలిపినప్పుడు మొదటి ముద్ద అతనిదే. కానీ జాడీలో మగాడి చెయ్యి పడకూడదు. పడితే బూజు పడుతుందని రాహేలమ్మ అత్తగారు అనేది, రాహేలమ్మా అంటుంది. సమూయేలు పుట్టి నలభై నాలుగేళ్లైనా ఊరగాయ జాడీలో వేలు పెట్టి ఎరగడు.

రెండింటికి వసంతని డ్యూటీకి దింపాలి. "అలాగే సన్నీబ్యాంక్ పోయి పప్పునూనె తీసుకురా. చీనా వాళ్లు వేయించి తీసేది కాదు, మనది. దొరికేదాకా వెతుకు," అంది రాహేలమ్మ. నూనె ఒక సీసా ఉంది. రెండు జాడీలకి చాలదు, ఒకదానికి చాలుతుంది.

కారు మలుపు తిరిగిందాకా వరండాలో నిలబడింది. తర్వాత మెట్ల కమ్మీ పట్టుకుని, మోకాళ్లని బతిమాలుకుంటూ దిగింది. గోడకి వరసగా తాళాలు. కొడుకు చేతిరాత గుండ్రంగా, విడివిడిగా, ఆవిడ కోసమే రాసినట్టుంది. గ-రా-జ్ అ-ల-మ-ర. ఆ అక్షరాలే లేకపోతే ఇరవై తాళాల్లో ఆవిడకి ఆ తాళం దొరికేది కాదు.

తుపాకీ చల్లగా ఉంది. ప్రభువా ప్రభువా అనుకుంటూనే అతను చూపించినట్టు పట్టుకుంది, అతను లాగినట్టు లాగింది. మొదటిసారి రాలేదు. రెండోసారి జారి చేతిలోకి వచ్చింది. పక్కన ఉన్న గుళ్ల అట్టపెట్టెని కూడా తీసి, బట్టల నీళ్లు పోయే తొట్లో తడిపి, చెత్తబుట్ట అడుగున చేపల పొలుసుల కింద తోసింది. అలమర తాళం వేసి, తాళం కొక్కేనికి తగిలించింది.

ఇక ఈ ముక్కని ఎక్కడ పెట్టాలి? డబ్బాలన్నిటికీ పేర్లు రాసినవాడికి ఇంట్లో తెలియని మూల లేదు. బియ్యం డ్రమ్ము వంచి పోసేది అతనే. తన పెట్టె తాళం బాగుచేసింది అతనే. వంటింట్లో నిలబడి చుట్టూ చూసింది. గట్టు మీద రెండు జాడీలు, రాజమండ్రిలో కొని విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చినవి, కడిగి బోర్లించి ఉన్నాయి.

రొట్టె వచ్చిన ప్లాస్టిక్ సంచీలో బోల్టుని చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. ముక్కల్లో ఆవపిండీ కారమూ ఉప్పూ కలిపి, చిన్న జాడీ అడుగున నాలుగు గుప్పెళ్లు వేసి, దాని మీద ఈ మూట పెట్టి, మిగతాది పైన వేసింది. నూనె పోసింది. మూత పెట్టి తెల్లగుడ్డతో వాసెన కట్టింది. కట్టేటప్పుడు ముడి మూడుసార్లు జారిపోయింది. ఉప్పంటిన చేతులు ఒక్కసారి చీర చెంగుకి తుడుచుకుని, పై అరలో పెట్టడానికి అందక, గట్టు మూలకి తోసింది.

సమూయేలు సీసాలు తెచ్చి పెట్టాడు. "చిన్నది అయిపోయిందే?"

"ఉన్న నూనెతో కలిపేశాను. దాన్ని పై అరలో పెట్టు. డోరీన్‌కని."

"ఆవిడ తింటే అంబులెన్సు పిలవాలి," అని ఎత్తి పెట్టాడు. చాలా రోజులకి అదొక్కటే హాస్యం.

ఆదివారం చర్చికి వెళ్లే వేళకి సమూయేలు చొక్కా వేసుకోలేదు. "మీరు వెళ్లిరండి. డోరీన్ చెల్లెలింటికి పోయింది, రెండిళ్లూ చూసుకోవాలి," అన్నాడు. వసంతకి, ప్రిస్సిల్లాకి లిఫ్టు ఇవ్వడానికి వచ్చిన చర్చి స్నేహితురాలు జాక్లిన్ అప్పటికే వీధిలో హారన్ కొడుతోంది. రాహేలమ్మ మెట్ల దాకా వచ్చి, మోకాలు పట్టుకుని ఆగిపోయింది.

"నావల్ల కాదమ్మా వసంతా. నేనూ ఉంటాను. పాస్టరుగారికి ఒకమాట చెప్పు, నాలుగు రోజుల్లో మనింటికి రమ్మను."

"నువ్వు వెళ్లమ్మా. నేను ఉన్నాగా," అన్నాడు సమూయేలు. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాడు. మూడోసారి గొంతు తేడాగా ఉంది.

"మోకాళ్లకి చెప్పు ఆ మాట," అంది రాహేలమ్మ, కుర్చీలో కూర్చుంటూ.

ఇల్లు ఖాళీ అయింది. కొడుకు గదిలోకి వెళ్లి, చాలాసేపటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, తల్లి దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆవిడ చెప్పుల పక్కన నేల మీద ఏదో ఉన్నట్టు చూశాడు. తర్వాత కిందికి దిగాడు. రాహేలమ్మ కందిపప్పు కంచంలో పోసుకుని ఏరడం మొదలుపెట్టింది. పప్పులో రాళ్లేమీ లేవు, ఈ దేశంలో పప్పులో రాళ్లుండవు. అయినా ఏరింది.

అలమర తలుపు చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపో ఆవిడ లెక్క పెట్టలేకపోయింది, పెదాలు మాత్రం కీర్తన పదాలు పలుకుతున్నాయి, శబ్దం లేకుండా. ఆ తర్వాత ఒక డబ్బా మూత తీసిన చప్పుడు. ఇంకొకటి. మేకులు నేల మీద బొర్లించిన చప్పుడు. పేర్లు రాసి పెట్టిన డబ్బాలన్నీ ఒక్కటొక్కటే ఖాళీ అవుతున్నాయి.

పైకి వచ్చేసరికి చొక్కా చేతులకి గ్రీజు అంటి ఉంది.

"అమ్మా, గరాజ్‌లోకి ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారు? నేనొచ్చాను, బట్టలకి."

"ఏమైనా తీశావా?"

"నీ మేకులు నాకెందుకు? ఏం, ఏదైనా పోయిందా?"

సమూయేలు నోరు తెరిచాడు. ఫలానాది పోయిందంటే, ఇప్పుడు దానితో నీకేం పని అని అడుగుతుంది. తల్లి కళ్లలోకి చూసి, పప్పు కంచంలోకి చూశాడు.

"ఏం లేదు," అన్నాడు.

"దొంగలొచ్చారేమోరా," అంది రాహేలమ్మ. కంచం పక్కకి పెట్టింది. "కూర్చో. కాఫీ పెడతాను. నాకు ఒక్కదాన్నే కూర్చోవాలంటే భయంగా ఉంది."

కూర్చున్నాడు. చర్చి నుంచి వాళ్లు తిరిగొచ్చేదాకా కూర్చునే ఉన్నాడు, కాఫీ చల్లారిపోయినా.

సోమవారం మూడోనాడు. వసంత పొద్దున్నే డ్యూటీకి, పిల్ల బడికి వెళ్లారు. రాహేలమ్మ అన్నం వార్చి, పెద్ద జాడీ వాసెన విప్పి, వెడల్పాటి పళ్లెంలోకి వంచింది. నూనె పైకి తేలింది. ముక్కలు ఇంకా గట్టిగా, ఎర్రగా ఉన్నాయి. అడుగు నుంచి పైకి తిరగేసి కలిపి, జాడీకెత్తి, పళ్లెంలో మిగిలిన గుజ్జులో వేడన్నం వేసి కలిపింది.

"రారా. ముద్ద."

సమూయేలు గడ్డం గీసుకోలేదు. వచ్చి నిలబడి చెయ్యి చాచాడు. తిన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉప్పు సరిపోయిందా?"

"ఊఁ." తిన్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూశాడు. తర్వాత ఏదో ఒక పని ఉండాలన్నట్టు, "చిన్నది కూడా కలపాలిగా," అని చెయ్యి కడుక్కుని పై అరలోంచి దాన్ని దించాడు.

"దానికి తొందర లేదు. ఉంచు."

కానీ అప్పటికే జాడీ అతని రెండు చేతుల్లో ఉంది. శనివారం ఎత్తినప్పుడు మనసు ఎక్కడో ఉండి ఉంటుంది. ఇప్పుడు అలాగే నిలబడిపోయాడు. ఇనప ముక్క చేతిలోకి తీసుకుని ఎంత తరుగు పోవాలో చెప్పగల చేతులవి. జాడీని కొంచెం ఇటు వంచాడు. లోపల ఏదో, బురదలో కాలు కదిలినట్టు, మెల్లగా ఒకవైపుకి జరిగింది.

"ఇందులో ఏం వేశావమ్మా?"

"మామిడికాయ."

"మామిడికాయ ఇలా కదలదు."

రాహేలమ్మ ముక్కాలిపీట మీద కూర్చుంది.

సమూయేలు వాసెన విప్పాడు. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచాడు. "ఒరే, చెయ్యి పెట్టకు," అన్న మాట ఆవిడ నోట్లోంచి అలవాటుగా దానంతటది వచ్చేసింది. మణికట్టు దాకా చెయ్యి పెట్టి, నూనె కారుతున్న ప్లాస్టిక్ మూటని పైకి తీశాడు.

"సంచీలో చుట్టి పెట్టావా?"

"నువ్వు కొనుక్కున్నది కదరా. పాడైపోతుందని," అంది రాహేలమ్మ. అన్నాక ఆ జవాబుకి తనకే సిగ్గేసింది.

వీధిలో ఎవరో గడ్డి కోసే మిషను నడుపుతున్నారు. అది అటు చివరిదాకా వెళ్లి మళ్లీ ఇటు వచ్చింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిచ్చెన తిరిగిచ్చినప్పుడు."

సమూయేలు మూటని అరచేతిలో తిప్పాడు. "పెదనాన్న," అన్నాడు.

"ఊఁ."

"మనకి రంపం తిరిగిచ్చాడు. పళ్లన్నీ కొత్తగా పదును పెట్టి మరీ ఇచ్చాడు. దాన్ని పట్టుకుని నేను వీధంతా తిరిగాను."

"నేను మజ్జిగ ఇచ్చాను," అంది రాహేలమ్మ. "ఇచ్చి, నవ్వాను."

అతను రబ్బరు బ్యాండు తెంపాడు. బోల్టు సంచీలోంచి జారి అరచేతిలోకి వచ్చింది, శుభ్రంగా, మెరుస్తూ. పనివాడి అలవాటు, బొటనవేలితో తుడిచాడు. మెట్ల వైపు చూశాడు. రాహేలమ్మ గట్టు అంచు పట్టుకుంది. లేచి అడ్డం నిలబడాలనుంది, లేవలేకపోయింది. "నాయనా," అని మాత్రం అంది.

సమూయేలు ఆ ఉక్కు ముక్కని, ఏ గుడ్డా సంచీ లేకుండా, జాడీలోకి వదిలాడు. గరిటె కాడతో అడుగుదాకా తొక్కాడు. జాడీని పట్టుకుని ఊపాడు.

"నూనె పైకి తేలుతుందమ్మా. ఉప్పునీరు అడుక్కి దిగుతుంది. ఉప్పు, పులుపు. పది రోజులు చాలు, ఇంక దాన్ని ఏ ఫిట్టరూ బాగుచెయ్యలేడు." గరిటె పక్కన పెట్టాడు. "నేను కూడా."

"మంచి ఊరగాయ," అంది రాహేలమ్మ, ఏడుస్తూ.

అతను కుళాయి తిప్పి చెయ్యి కింద పెట్టాడు. సబ్బుతో ఒకసారి, మళ్లీ ఒకసారి కడిగాడు. భుజాలు కదులుతున్నాయి. తిరగకుండానే, "కారం," అన్నాడు.

"అవును. ఎక్కువ పడింది."

నీళ్లు పోతూనే ఉన్నాయి. రాహేలమ్మ లేచి, కొడుకు పక్కకి వెళ్లి, కుళాయి కట్టేసింది.

"వసంత నాలుగింటికి వస్తుంది. నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"నేనే చెబుతాను. నువ్వు పక్కన కూర్చో."

"తను పనిచేసేచోట డాక్టర్లుంటారు. వాళ్ల దగ్గరికి పద అంటే, మగాణ్ణి నాకేమిటి అనకు."

"అనను." తువ్వాలు అందుకుని, "ఆ గొట్టాన్ని రేపు పోలీస్‌స్టేషన్‌లో ఇచ్చేస్తాను. నువ్వూ రా," అన్నాడు.

చెయ్యి తుడుచుకుని జాడీకి వాసెన కట్టాడు. అతను కట్టిన ముడి జారలేదు. డ్రాయరులోంచి పసుపు టేపూ కలమూ తీసి, ముక్క కత్తిరించి, ఏదో రాసి జాడీ మీద అంటించాడు. రాహేలమ్మ ముఖం దగ్గరగా పెట్టి కూడబలుక్కుంది.

"తి-న-రా-దు. ఎవరిదని రాయవా? కోడలు నాదనుకుని పారబోస్తుంది."

సమూయేలు కలం పట్టుకుని కొంచెంసేపు ఆగాడు. కింద గరాజ్‌లో అన్ని చీటీలు రాశాడు, ఒక్కదాని మీదా తన పేరు లేదు. చిన్న అక్షరాలతో కింద రాశాడు. సమూయేలు.

జాడీని ఎత్తి పై అరలో లోపలికి తోసి, వచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు.

"ఇంకో ముద్ద ఉందా?" అన్నాడు.

అన్నం ఇంకా వేడిగానే ఉంది.